ఇంటి లైసెన్స్ ఒక కుటుంబానికి, ఉంటున్నది పదకొండు మందిమి. కౌన్సిల్‌కి చెప్పాలా?

తెనాలి_పిల్ల

అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్టు, ఓపిక చేసుకుని చదవండి.

నేను సెప్టెంబర్‌లో ఎమ్మెస్సీకి లండన్ వచ్చాను. ఉండేది ఈస్ట్ హామ్‌లో, హై స్ట్రీట్ నార్త్ నుంచి అయిదు నిమిషాల నడక. ఇల్లు వాట్సాప్ గ్రూపులో దొరికింది. ఇప్పించినాయన మా బాబాయికి తెలిసినవాళ్ళకి తెలిసినాయన, మా వైపు మనిషే. అందరం అన్నా అనే పిలుస్తాం కాబట్టి ఇక్కడా అన్న అనే రాస్తున్నాను. ఇల్లు అన్నది కాదు. ఓనర్ దగ్గర ఇల్లు మొత్తం అద్దెకి తీసుకుని మాకు మంచాల లెక్కన ఇస్తాడు. తను మాతో ఉండడు, బార్కింగ్‌లో వేరే ఇంట్లో ఉంటాడు.

మూడు బెడ్‌రూముల ఇల్లని పేరు. కింద హాలుగా ఉండాల్సిన ముందు గదిలో మేం నలుగురం అమ్మాయిలం, మనిషికి 320 పౌండ్లు. పైన పెద్ద గదిలో ముగ్గురు అబ్బాయిలు, 300 చొప్పున. వెనక గదిలో ఒక జంట, ఇద్దరికీ కలిపి 800. చిన్న గదిలో ఒకాయన, 420. అటక మీద (నిజంగానే నిచ్చెన ఎక్కి వెళ్ళాలి) వేర్‌హౌస్‌లో నైట్ డ్యూటీ చేసే అబ్బాయి, 280. మొత్తం పదకొండు మందిమి. కూడితే నెలకి 3,680. బాత్రూమ్ ఒకటి, కింద వెనకాల ఇంకో టాయిలెట్. పొయ్యికి నాలుగు బర్నర్లు, వెలిగేవి రెండు. అందుకే రైస్ కుక్కర్లన్నీ గదుల్లోకి వచ్చేశాయి. మా గదిలో ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద రెండు కుక్కర్లు, ఒక హీటర్, నాలుగు ఫోన్లు.

వంటింటి సీలింగ్‌కి పొగ అలారం ఉంది. తాలింపు వేస్తే చాలు, చెవులు చిల్లులు పడేలా మోగుతుంది. మేం వచ్చేసరికే దానికి షాపు కవరు చుట్టి రబ్బరు బ్యాండు వేసి ఉంది. ఎవరు చుట్టారో ఎవరికీ తెలీదు. కవరు నూనె పొగకి పచ్చబడిపోయింది. వీధి తలుపుని లోపలి నుంచి కూడా తాళంచెవితోనే తీయాలి. రాత్రి పదకొండుకి ఎవరో ఒకరు తాళం వేసి చెవి పట్టుకెళ్ళిపోతారు. ఇంట్లో అందరికీ కలిపి ఆరు చెవులే. మా కిటికీ పక్క గోడ నవంబర్ వచ్చేసరికి నల్లగా బూజు పట్టింది, తుడిస్తే వారం తిరక్కుండా మళ్ళీ వస్తుంది. అన్నకి ఫొటో పెడితే "కిటికీ తీసి పెట్టుకోండమ్మా" అన్నాడు. బయట నాలుగు డిగ్రీలు.

ఇప్పుడు అసలు విషయం. పోయిన మంగళవారం పొద్దున తలుపు కొట్టారు. మెడలో కార్డుతో కౌన్సిల్ (ఇక్కడి మునిసిపాలిటీ) ఆయన. ఈ ఇంట్లో ఎంతమంది ఉంటారు, ఒకరికొకరు ఏమవుతారు అని అడిగాడు. ఇలా ఎవరైనా వస్తే ఏం చెప్పాలో అన్న మొదటి రోజే చెప్పి ఉంచాడు: "అందరం కజిన్స్‌మి అనండి, అంతకుమించి మాట్లాడొద్దు." నేను అదే అన్నాను. అయిదుగురం ఉంటాం, కజిన్స్‌మి అని. ఆయన నా భుజం మీదుగా చెప్పుల స్టాండు వైపు చూశాడు. అక్కడ తక్కువలో తక్కువ ఇరవై జతలున్నాయి. ఏమీ అనకుండా ఒక కాగితం చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ కాగితం చూసి మా ఏరియా చూసే న్యూహామ్ కౌన్సిల్ వాళ్ళ అద్దె ఇళ్ళ లైసెన్సుల రిజిస్టర్‌లో మా అడ్రస్ కొట్టాను. లైసెన్స్ ఉంది. కానీ అది ఒకే కుటుంబానికి అద్దెకిచ్చే ఇంటి లైసెన్స్. మేమేమో పదకొండు మందిమి, పది ఇంటిపేర్లు, ఆరు జిల్లాలు.

అమ్మకి చెబితే "అమీర్‌పేట హాస్టల్లో గదికి ఆరుగురు ఉన్నారుగా, అప్పుడు లేని బాధ ఇప్పుడేంటే" అంది. నిజమే, ఉన్నాం. కానీ అక్కడ కింద వాచ్‌మన్ ఉండేవాడు, రాత్రంతా గేటు దగ్గరే.

నా భయాలు ఇవి. కౌన్సిల్ మనిషికి అబద్ధం చెప్పాను కదా, వీసాకి ఏమైనా అవుతుందా? ఇప్పుడు నిజం చెబితే అందరం రోడ్డున పడతామా? జంటలో అక్కకి ఆరో నెల. అన్నకి డిపాజిట్ కింద 640 ఇచ్చాను, రసీదు లేదు, "ఓకే మా" అని వాట్సాప్ మెసేజ్ మాత్రం ఉంది. ఆ ఇంటి అడ్రస్ దేనికీ వాడొద్దని కూడా అన్నాడు, యూనివర్సిటీలోనేమో అడ్రస్ అడుగుతున్నారు. నాలుగు రోజులుగా నిద్ర లేదు, అంతా టెన్షన్. ఎవరైనా ఇలాంటిది దాటి వచ్చినవాళ్ళుంటే చెప్పండి.

పాత_కాపు_క్రాయిడన్

2009లో మేం మూడు గదుల్లో పద్నాలుగు మందిమి ఉన్నాం. షిఫ్టుల ప్రకారం మంచాలు మార్చుకునేవాళ్ళం, ఒకడు లేస్తే ఇంకొకడు పడుకోవడం. ఎవడూ కౌన్సిల్ అనలేదు. 320కి లండన్‌లో ఇంకెక్కడ దొరుకుతుంది? ఏడాది అడ్జస్ట్ అయిపోండి, ఉద్యోగం వచ్చాక మంచి ఇంటికి మారొచ్చు. మనవాడి మీద మనమే కంప్లయింట్ ఇస్తే రేపు వచ్చే పిల్లలకి ఇల్లెవరు ఇస్తారు?

కిరాయి_కష్టాలు

తెనాలి చెల్లీ, ముందు ఈ రాత్రికి రెండు పనులు చెయ్. అలారం మీది కవరు పీకెయ్. వీధి తలుపు తాళంచెవి ఒకటి తలుపు పక్కనే మేకుకి వేలాడదీయండి, దాన్ని ఎవరూ ముట్టుకోవద్దని అందరికీ చెప్పు. మిగతావన్నీ రేపు చూసుకోవచ్చు.

నాది కరీంనగర్. ఇలాంటి ఇంట్లోనే ఉండి, కిరాయి వెనక్కి తెచ్చుకున్నదాన్ని. అందుకని వివరంగా రాస్తున్నా.

కజిన్స్ అని ఎందుకు చెప్పమన్నాడో ఆలోచించావా? ఫ్రెండ్స్ అనమనొచ్చు, క్లాస్‌మేట్స్ అనమనొచ్చు. ఇక్కడి 2004 హౌసింగ్ చట్టంలో ఒక కుటుంబం అంటే ఎవరెవరో రాసి ఉంది. అమ్మానాన్నలు, తాతలు, అమ్మమ్మ నానమ్మలు, పిల్లలు, మనవలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, బాబాయిలు, అత్తలు, మేనల్లుళ్ళు, మేనకోడళ్ళు, చివర్న కజిన్. అక్కడితో జాబితా అయిపోతుంది. అంటే కజిన్ అనే మాట పడితే చట్టం దృష్టిలో మీరు ఒక కుటుంబం. మనకి అది మర్యాదగా అనే మాట, మీ అన్నకి అది కౌన్సిల్ ప్రశ్నలకి వేసే తాళం కప్ప. మా ఇంట్లో కూడా ఇదే పాఠం చెప్పారు. మాది మరీ ఘోరం, మాలో ఒకమ్మాయి మలయాళీ.

కుటుంబం కాకపోతే లెక్క మారుతుంది. ఇంగ్లండ్‌లో ఎక్కడైనా సరే, రెండు అంతకంటే ఎక్కువ కుటుంబాలకి చెందిన అయిదుగురు లేదా అంతకు మించి వంటిల్లో బాత్రూమో పంచుకుంటూ ఉంటే ఆ ఇంటికి హెచ్ఎంఓ లైసెన్స్ (వేర్వేరు కుటుంబాలవాళ్ళు కలిసి ఉండే ఇంటికిచ్చేది) ఉండి తీరాలి. 2018 అక్టోబర్‌కి ముందు మూడంతస్తులు ఉంటేనే అనే షరతు ఉండేది, అది తీసేశారు. దీనికి తోడు న్యూహామ్‌లో 2013 జనవరి నుంచే కుటుంబానికిచ్చే మామూలు ఇళ్ళకి కూడా లైసెన్స్ పెట్టారు, తమ ఏరియా అంతటా అలా పెట్టింది దేశంలో వాళ్ళే మొదట. నువ్వు రిజిస్టర్‌లో చూసింది ఈ రెండో రకం. అది ఉన్నంత మాత్రాన మీ పదకొండు మందికి సరిపోదు. ఉండాల్సిన లైసెన్స్ లేనట్టే.

కొలతలు కూడా ఉన్నాయి. పెద్దవాళ్ళు ఒకరు పడుకునే గది కనీసం 6.51 చదరపు మీటర్లు, ఇద్దరైతే 10.22. మొత్తం 4.64 కంటే చిన్నదైతే ఆ గదిలో ఎవరూ పడుకోకూడదు. పైకప్పు ఎత్తు మీటరున్నర కంటే తక్కువున్న చోటు లెక్కలోకి రాదు, కాబట్టి మీ అటక అబ్బాయి గది సగం గాల్లో కలిసిపోతుంది. టేపు తెచ్చి మీ గది కొలువు.

ఇక అబద్ధం సంగతి. కౌన్సిల్‌కి తెలిసి తప్పుడు సమాచారం ఇవ్వడం తప్పే, అది దాచను. కానీ నువ్వు భయపడి చెప్పావు, ఇంకా నాలుగు రోజులే అయింది. ఆ కాగితం మీదున్న నంబర్‌కి నువ్వే ఫోన్ చేసి "ఆ రోజు చెప్పింది నిజం కాదు, అలా చెప్పమన్నారు" అని చెప్పెయ్. నేనూ అదే చేశాను. అవతలావిడ నన్ను తిట్టలేదు, స్పెల్లింగ్ అడిగి నా పేరు రాసుకుంది. వీసా ఇచ్చేది హోమ్ ఆఫీస్, ఇళ్ళు చూసేది కౌన్సిల్. అద్దె ఇంట్లో బూజుందని చెప్పినంత మాత్రాన వీసా పోదు. యూనివర్సిటీకి మాత్రం నువ్వు నిజంగా ఉంటున్న అడ్రసే ఇవ్వు. ఆ విషయంలో అన్న మాట అస్సలు వినకు, అక్కడ దొరికితే ఇబ్బంది నీకే.

రోడ్డున పడటం. ఆయన ఆ ఇంట్లో ఉండడు అన్నావు కదా, అది నీకు చాలా మంచిది. మీతో కలిసి ఉండని మనిషి కోర్టు ఆర్డర్ లేకుండా మిమ్మల్ని బయటికి పంపలేడు. తాళాలు మార్చడం, సామాన్లు బయట పెట్టడం 1977 చట్టం ప్రకారం ఇక్కడ నేరం. అలా చేస్తే కౌన్సిల్‌కీ పోలీసులకీ చెప్పొచ్చు. అలాగని పదకొండు మందీ అక్కడే ఉండిపోతారని చెప్పను. కౌన్సిల్ వచ్చాక సంఖ్య తగ్గాల్సిందే, మీలో కొంతమంది మారాల్సి వస్తుంది. లైసెన్స్ ఇస్తూ గది కొలతలు సరిచేసుకోవడానికి 18 నెలల దాకా గడువు ఇచ్చే వీలుంది, కానీ అటకకీ తాళానికీ అంత టైమ్ ఇవ్వరు.

నా కథ. చిన్న గది, నెలకి 475, పది నెలలు ఉన్నాను. తొమ్మిది మందిమి, లైసెన్స్ లేదు. అలాంటప్పుడు కట్టిన కిరాయి వెనక్కి ఇప్పించమని ట్రిబ్యునల్‌కి వెళ్ళొచ్చు. నేను వెళ్ళిన నాటికి ఎక్కువలో ఎక్కువ 12 నెలల కిరాయి. 2025లో వచ్చిన చట్టంతో 2026 మే 1 నుంచి దాన్ని 24 నెలలు చేశారు. నాది వీడియోలో విచారణ. ముందు రోజు రాత్రి చీర కట్టుకోవాలా కోటు వేసుకోవాలా అని గంటసేపు తన్నుకున్నా, చివరికి తెల్ల కుర్తా మీద స్వెటర్ వేసుకున్నా. అక్కడ అడిగేవి కష్టమైనవి కావు, కానీ ఒక్కటీ వదలరు. ఆ నెలలో ఇంట్లో అయిదుగురికి తక్కువ కాకుండా ఉన్నారని ఎలా చెబుతావు? ఎవరు ఎప్పుడు దిగారు, ఎప్పుడు ఖాళీ చేశారు? క్రిమినల్ కేసులో అడిగినంత రుజువు అడుగుతారు. నన్ను కాపాడింది వంటింట్లో ఫ్రిజ్ మీద అతికించిన కాగితం, ఎవరి వంతు ఏ రోజు బాత్రూమ్ కడగాలి అని. నెలనెలా కొత్తది రాసి పాతది ఫొటో తీసే అలవాటు మాలో ఒకమ్మాయికి ఉండేది. తొమ్మిది పేర్లు, తేదీలతో సహా. నేను కట్టిన 4,750లో కరెంటు, గ్యాస్ బిల్లుల వాటా తీసేసి, ఇంకొంత తగ్గించి చివరికి 2,600 ఇప్పించారు. అది చేతికి రావడానికి ఇంకో నాలుగు నెలలు.

ఒక మెలిక ఉంది. మధ్యలో అన్న ఉన్నాడు కదా. 2023లో ఇక్కడి సుప్రీంకోర్టు, అద్దె ఎవరికి కడతారో వాళ్ళ మీదే ఆ ఆర్డర్ వేయాలి, పైనున్న అసలు ఓనర్ మీద కుదరదు అంది. కొత్త చట్టం దాన్ని మార్చింది, ఇప్పుడు పైవాళ్ళ మీద కూడా వేయొచ్చు. అంతదాకా వెళ్ళాలా అన్నది నీ ఇష్టం. వెళ్ళినా వెళ్ళకపోయినా ఇవాళ్టి నుంచి డబ్బు బ్యాంకులోనే వెయ్, చేతికివ్వకు. డిపాజిట్ అంటావా, నెలకి 320 అద్దెకి అయిదు వారాల డిపాజిట్ 369 దాటకూడదు. 640 తీసుకోవడమే తప్పు. ఇళ్ళ సమస్యలకి సలహా ఇచ్చే షెల్టర్ సంస్థకో, సిటిజన్స్ అడ్వైస్‌కో ఫోన్ చెయ్, డబ్బు తీసుకోరు. మీ స్టూడెంట్స్ యూనియన్‌లోనూ ఇళ్ళ సంగతి చూసేవాళ్ళుంటారు.

క్రాయిడన్ అన్నగారికి: మీరు పద్నాలుగు మంది క్షేమంగా బయటపడ్డారు, సంతోషం. ఈ పిల్ల ఇంట్లో రాత్రి తలుపుకి తాళం వేసి చెవి తీసుకెళ్తున్నారు.

రెండిళ్ళ_ఓనర్

నేను ఓనర్‌ని, ముందే చెబుతున్నా, తిట్టేవాళ్ళు వరస కట్టండి. ఈస్ట్ లండన్‌లోనే రెండిళ్ళు. ఒకటి కుటుంబానికిచ్చాను, ఒకటి హెచ్ఎంఓ, అయిదుగురు కుర్రాళ్ళు ఉంటారు. లైసెన్స్‌కే వెయ్యి పౌండ్ల పైన అయింది, మళ్ళీ అయిదేళ్ళకి కట్టాలి. గ్యాస్ సర్టిఫికెట్ ఏటా, కరెంటు వైరింగ్ రిపోర్టు అయిదేళ్ళకోసారి. తలుపులన్నీ ఫైర్ డోర్లు, వాటంతట అవే మూసుకునేలా. మా కుర్రాళ్ళు ఏం చేస్తారో తెలుసా, వంటింటి ఫైర్ డోర్‌కి అడ్డంగా పది కిలోల సోనా మసూరి బస్తా పెట్టి తెరిచే ఉంచుతారు. ఎన్నిసార్లు తీయించానో. రూల్స్ ఓనర్‌కే కాదు, ఉండేవాళ్ళకీ ఉన్నాయి.

తెనాలి అమ్మాయీ, మీ వంటింట్లో పెట్టాల్సింది పొగ అలారం కాదు, వేడికి మోగే హీట్ అలారం. తాలింపు పొగకి అది పలకదు. పొగ అలారాలు నడవలో, మెట్ల దగ్గర ఉండాలి, ఒకటి మోగితే అన్నీ మోగాలి. తక్కువ ఖర్చు కదా అని వంటింట్లో పొగ అలారం పెడతారు, మనవాళ్ళు ఆవాలు వేయగానే గోల, మర్నాటికి కవరు. ఇంగువ వేసే ఇంట్లో పొగ అలారం వారం కూడా బతకదు. వీధి తలుపుకి చెవి లేకుండా లోపలినుంచి వేళ్ళతో తిప్పి తీసే తాళం వస్తుంది, పెద్ద ఖర్చు కాదు, అరగంట పని.

నా హెచ్ఎంఓలో ఒక చిన్న గది కొలిస్తే 6.2 వచ్చింది. నెలకి 450 వచ్చే గది. మూడు సార్లు కొలిచాను, గోడ పక్క చెక్క అంచు పీకేసి కూడా కొలిచాను, 6.51 కాలేదు. ఇప్పుడు అందులో కుర్రాళ్ళ సూట్‌కేసులు ఉంటాయి. బాధ లేదని చెప్పను.

మధ్యలో అన్నల సంగతి నాకూ తెలుసు. మొదటి ఇల్లు ఒకాయనకి అలాగే ఇచ్చాను. "సార్, నెలకి 1,600 ఖాయం, ఖాళీ ఉన్నా మేమే కడతాం, మీరు ఇంటి మొహం చూడక్కర్లేదు" అన్నాడు. అదే నేను చేసిన తప్పు, ఇంటి మొహం చూడలేదు. పక్కింటావిడ పైపు లీకవుతోందని ఫోన్ చేస్తే వెళ్ళాను. తొమ్మిది మంది ఉన్నారు, నేను తలుపు కొడితే నన్నే ఎవరు కావాలి అని అడిగారు. లైసెన్స్ నా పేరున ఉంది కాబట్టి సమాధానం చెప్పాల్సింది నేనే. కౌన్సిల్ వేసే జరిమానా 30,000 పౌండ్ల దాకా ఉండేది, కొత్త చట్టం 40,000 చేసింది. మీ ఓనర్‌కి బహుశా ఏమీ తెలిసి ఉండదు. రిజిస్టర్‌లో లైసెన్స్ ఎవరి పేరున ఉందో ఉంటుంది, వీలైతే ఒక ఉత్తరం రాయండి.

బూజు గురించి ఒక్క మాట, కోప్పడొద్దు. నలుగురు అమ్మాయిలు ఒక గదిలో తడి బట్టలు రేడియేటర్ మీద ఆరేసి, చలికి కిటికీ మూసేసి, రెండు కుక్కర్లు పెడితే ఏ గోడకైనా బూజు వస్తుంది.

కిరాయి_కష్టాలు

ఓనర్ గారూ, మిగతాదంతా ఒప్పుకుంటా, మీరు చెప్పిన హీట్ అలారం సంగతి నాకు కూడా తెలీదు. చివరి పేరాకి మాత్రం ఒప్పుకోను. రోచ్‌డేల్‌లో అవాబ్ ఇషాక్ అనే రెండేళ్ళ పిల్లాడు 2020 డిసెంబర్‌లో చనిపోయింది ఇంట్లో బూజు వల్లే. వాళ్ళకీ మీ అలవాట్లే కారణం అనే చెప్పారు. ఆ పిల్లాడి పేరు మీదే ఇప్పుడు కౌన్సిళ్ళు, సంస్థలు తక్కువ అద్దెకిచ్చే సోషల్ హౌసింగ్‌కి చట్టం ఉంది. నలుగురు పడుకోకూడని గదిలో నలుగురిని పెట్టిందెవరు? మనుషులు నలుగురుంటే ఊపిరి కూడా నలుగురిదే కదండీ. ఆ ఇంట్లో కడుపుతో ఉన్న మనిషి ఉంది.

రెండిళ్ళ_ఓనర్

అది చదవలేదమ్మా, ఆరో నెల అన్న మాట. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా.

గ్లాస్గో_బుజ్జి

స్కాట్లాండ్‌లో కూడా అయిదుగురేనా అక్కా? మేం నలుగురం ఉన్నాం.

కిరాయి_కష్టాలు

కాదు బుజ్జీ, అక్కడ మూడే. ఒకరికొకరు ఏమీ కాని ముగ్గురు కలిసి ఉన్నా హెచ్ఎంఓ లైసెన్స్ కావాలి. మీ కౌన్సిల్ సైట్‌లో రిజిస్టర్ ఉంటుంది, ఇవాళే చూడు. ఇంగ్లండ్‌లో కూడా కొన్ని కౌన్సిళ్ళు మూడు, నలుగురు ఉన్న ఇళ్ళకి అదనంగా లైసెన్స్ పెట్టాయి, ఊరిని బట్టి మారుతుంది. అందరూ ఒకటి గుర్తుంచుకోండి, ఇల్లు చూడ్డానికి వెళ్ళినప్పుడు వైఫై ఎంత, బస్టాప్ ఎంత దూరం అని అడుగుతాం కదా, దాంతోపాటు రిజిస్టర్‌లో అడ్రస్ కొట్టి చూస్తే రెండు నిమిషాల పని. అదీ డబ్బు కట్టకముందు.

తెనాలి_పిల్ల

మూడు వారాల తర్వాత రాస్తున్నాను. అందరికీ థ్యాంక్స్, ముఖ్యంగా కరీంనగర్ అక్కకి.

ఆ రాత్రే కవరు పీకేశాను. మర్నాడు పైన అబ్బాయిలు ఆమ్లెట్ వేసుకుంటే మోగింది, నన్ను తిట్టుకున్నారు. తాళంచెవి మేకుకి పెట్టాను, రెండు రోజులకి మాయమైంది, మళ్ళీ పెట్టాను.

గది కొలవడానికి టేపు లేక ముందు నా చున్నీతో కొలిచాను. చున్నీ రెండున్నర మీటర్లు, అమ్మ కొన్నప్పుడు చెప్పింది గుర్తు. అటు ఒక చున్నీన్నర దాకా, ఇటు ఒక చున్నీ మీద రెండు మూరల దాకా. తర్వాత టేపు కొనుక్కొచ్చి కొలిస్తే 3.62, 3.35. అంటే పన్నెండు చదరపు మీటర్ల పైన కొంచెం, తలకి మూడు. ఒక మంచం వేసి దాని పక్కన సూట్‌కేసు తెరిస్తే నా మూడు మీటర్లూ అయిపోతాయి.

కాగితం మీది నంబర్‌కి ఫోన్ చేయడానికి మాత్రం రెండు రోజులు పట్టింది. యూనివర్సిటీ లైబ్రరీ మెట్ల దగ్గర నిలబడి చేశాను. గొంతు వణికింది. అక్క చెప్పినట్టే ఆయన తిట్టలేదు, "చెప్పుల స్టాండు గుర్తుంది" అన్నాడు. తర్వాతి వారం ఇద్దరొచ్చారు, ముందు చెప్పలేదు. లైసెన్స్ లేదని అనుమానం ఉంటే చెప్పకుండానే రావచ్చట. గోడకి ఎర్ర చుక్క వేసి కొలిచే పరికరం తెచ్చారు. నా టేపు లెక్క సరిపోయింది, కొంచెం గర్వంగా అనిపించింది. అటక మీద ఎవరూ పడుకోవద్దని అప్పటికప్పుడే చెప్పేశారు. ఆ అబ్బాయి మానర్ పార్క్‌లో ఫ్రెండ్ దగ్గరకి వెళ్ళాడు, నాతో మాట్లాడటం మానేశాడు. ఇప్పుడు 400 కడుతున్నాడట. కౌన్సిల్ వాళ్ళకి ఫోన్ చేసే ముందు తనకి చెప్పలేదు, చెప్పి ఉండాల్సింది.

ఓనర్‌కి ఉత్తరం రాశాను. పెద్దావిడ, ఎసెక్స్‌లో ఉంటారు, తనే వచ్చారు. ఇద్దరు పిల్లలున్న కుటుంబం అని చెప్పి అన్న తీసుకున్నాడట. వంటింట్లో నిలబడి ఆవిడ "పిల్లలు స్కూలుకి వెళ్ళారా" అని అడిగారు. ఎవరం ఏం చెప్పాలో తెలీక చూస్తూ ఉండిపోయాం. ఆవిడకి నెలకి వచ్చేది 2,100. వీధి తలుపు తాళం రెండు రోజుల్లో మార్పించారు, ఇప్పుడు వేళ్ళతో తిప్పితే వస్తుంది. జంట వేరే ఇంటికి మారుతున్నారు, అక్క మా గది గోడ చూసినప్పుడల్లా చీర కొంగు ముక్కుకి పెట్టుకునేది. ట్రిబ్యునల్ సంగతి పరీక్షలయ్యాక చూస్తా, ఫ్రిజ్ మీద వంతుల కాగితం మాత్రం పెట్టాం, పేర్లతో, తేదీలతో.

అన్న మెసేజ్ పెట్టాడు, "సొంత చెల్లెలు అనుకున్నాను" అని. బాబాయి అమ్మకి ఫోన్ చేసి గట్టిగా మాట్లాడాడు, ఇప్పుడు వాళ్ళిద్దరికీ మాటల్లేవు. అది నాకు ఇంకా బాధగానే ఉంది.

వాళ్ళు వచ్చిన రోజు మళ్ళీ అదే ప్రశ్న అడిగారు, ఒకరికొకరు ఏమవుతారు అని. ఏమీ కాము అన్నాను. అయితే పేర్లు రాయండి అని కాగితం ఇచ్చారు. నా పక్క మంచం అమ్మాయి పేరు రాసి, ఇంటిపేరు దగ్గర ఆగిపోయాను. మూడు నెలల నుంచి ఒకే దుప్పటి కింద కాళ్ళు పెట్టుకుని సినిమాలు చూస్తున్నాం. లోపలికి వెళ్ళి తనని అడిగి వచ్చి రాశాను.